శంషాబాద్ నుంచి డల్లాస్‌కు ఎన్ని గంటలు? మీరే లెక్కేసుకోండి ఇలా

ఉదయం 4.30కి శంషాబాద్‌లో బయల్దేరి అదే రోజు సాయంత్రం 4.30కి డల్లాస్‌లో దిగుతారని టికెట్ మీద ఉందనుకోండి. పన్నెండు గంటల ప్రయాణమే కదా అని అమ్మానాన్నలకు చెప్పేయకండి. చలికాలంలో అది అక్షరాలా ఇరవై మూడున్నర గంటలు.

1. ఊరి పేరుతో కాకుండా ఎయిర్‌పోర్టు కోడ్‌తో వెతకండి. శంషాబాద్ కోడ్ హెచ్‌వైడీ. హెచ్‌డీడీ అని కొడితే పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్ వస్తుంది. డల్లాస్‌కు డీఎఫ్‌డబ్ల్యూ వాడండి. డీఏఎల్ అంటే లవ్ ఫీల్డ్, అది వేరే ఎయిర్‌పోర్టు.

2. దూరం చూడండి. గోడ మీది మ్యాపులో స్కేలు పెట్టి కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, అది ఉత్తర ధ్రువానికి దగ్గరగా వెళ్తుంది. గూగుల్ ఎర్త్‌లో కొలిచే పనిముట్టు చూపేదీ ఈ దూరమే: సుమారు 14,420 కి.మీ. అయితే నేరుగా విమానం లేదు కాబట్టి ఒక్కో అంచె విడిగా కొలవాలి. దుబాయ్ మీదుగా అయితే 2,545, ఆపైన 12,920, మొత్తం 15,465. అంటే వెయ్యి కి.మీ. పైనే చుట్టు. సైటు మైళ్లలో చూపిస్తే ఏ మైళ్లో చూసుకోండి. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852 కి.మీ.

3. ప్రతి అంచెనూ 850తో భాగించి అరగంట కలపండి. పైన విమానం గంటకు 900 కి.మీ. దాకా పోయినా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తగ్గుతుంది. ఈ లెక్కన దుబాయ్‌కు మూడున్నర గంటలు, అక్కణ్నుంచి డల్లాస్‌కు 15 గంటల 40 నిమిషాలు. టికెట్‌లో నాలుగు, పదహారు దాకా ఉండొచ్చు. కారణం ఎదురుగాలి: పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ పోయేటప్పుడు అడ్డుపడుతుంది, వచ్చేటప్పుడు తోస్తుంది. అందుకే తిరుగు ప్రయాణం గంటకు పైగా తగ్గుతుంది. గగనతలం మూసేసినా దారి మారి సమయం పెరుగుతుంది.

4. ఇప్పుడు గడియారం. టికెట్‌లో ఏ ఊరి సమయం ఆ ఊరిదే. డల్లాస్ మనకన్నా 11.30 గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా 10.30 గంటలే. పోయేటప్పుడు ఈ తేడా కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. చలికాలంలో సోమవారం మధ్యాహ్నం 12కు అక్కడ ఎక్కి మంగళవారం రాత్రి 9కి ఇక్కడ దిగితే గడియారంలో 33 గంటలు, అసలు ప్రయాణం 21.30.

5. వచ్చిన మొత్తంలోంచి గాల్లో ఉండే సమయం తీసేస్తే మధ్యలో ఆగే సమయం తెలుస్తుంది. మొదట చెప్పిన టికెట్‌లో 23.30లోంచి గాల్లో ఉండే 20 (4+16) పోగా దుబాయ్‌లో మూడున్నర గంటలు. డల్లాస్ నుంచి ఇంకో ఊరికి పోవాలంటే అక్కడ కనీసం మూడు గంటలు ఉంచుకోండి. ఇమిగ్రేషన్ అయ్యాక సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి.

పెద్దవాళ్లు ఇన్సులిన్ తీసుకుంటుంటే డాక్టర్‌కు టికెట్ మీది సమయాలతోపాటు ఈ అసలు గంటలు కూడా చెప్పి డోసుల వేళలు రాయించుకోండి.