ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటార్, 3వ పాఠం: ముందు తీగ, ఆఖరున ఆకారం

పోయిన పాఠంలో సామాను జాబితా రాసుకున్నాం. రెడీమేడ్ నెక్ (గిటార్ మెడ) ఒకటి, కదలని రకం బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) ఒకటి, సింగిల్ కాయిల్ పికప్‌లు రెండు, వాల్యూమ్‌కి ఒకటి, టోన్‌కి ఒకటి పాట్‌లు (నాబ్ కింద తిరిగే భాగాలు), జాక్ (కేబుల్ గుచ్చే చోటు). అవన్నీ వచ్చి మీ బల్ల మీద ఉన్నాకే ఈ పాఠం మొదలుపెట్టండి. పార్సిల్ వచ్చేలోపు గీసి ఉంచుకుందాం అనిపిస్తుంది గానీ, వద్దు. చూడ్డానికి ఒకేలా ఉండే బ్రిడ్జిల్లో కూడా మొదటి తీగకీ ఆరో తీగకీ మధ్య దూరం ఒకదానిలో 52.5 మిల్లీమీటర్లు ఉంటే ఇంకోదానిలో 54 ఉంటుంది. అమ్మేవాళ్లు రాసిన కొలతను కాదు, చేతిలో ఉన్న వస్తువును కొలిచి గీయాలి.

ఈ పాఠంలో రంపం ముట్టుకోం. అసలు సైజులో ప్లాన్ గీస్తాం, అంతే. డ్రాయింగ్ షీట్లు అంటించి గీయొచ్చు గానీ, సముద్రం పక్క ఊళ్లలో వానాకాలం గాలికి కాగితం సాగుతుంది. బీరువాల వెనక కొట్టే 3 మి.మీ. ప్లైవుడ్ ముక్క, మీటరు పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పుది తెచ్చుకుంటే మేలు. దాని మీద సన్నటి పెన్సిల్, స్టీల్ స్కేలు, మూలమట్టం. ప్లాస్టిక్ స్కేలు పనికిరాదు. బట్టల షాపు టేపు అసలే వద్దు.

మొదటిసారి చేసేవాళ్లు చాలామంది బాడీ ఆకారంతో మొదలుపెడతారు. కొమ్ములు ఎలా ఉండాలి, రంగు ఏం వేయాలి అని నోటుబుక్కు నిండా బొమ్మలు గీస్తారు. సరదా పనే, కాదనను. కానీ గిటార్‌లో మోగేది తీగ. పికప్ అంటే అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగతో వేలకొద్దీ చుట్లు. పైన ఉక్కు తీగ కంపిస్తే ఆ కాయిల్‌లో కరెంటు పుడుతుంది. నైలాన్ తీగ వేస్తే ఏమీ పుట్టదు. 1940ల మొదట్లో అమెరికాలో లెస్ పాల్ అనే గిటారిస్టు నాలుగంగుళాల చదరపు పైన్ దుంగ మీద తీగలు, పికప్ బిగించి వాయించాడు. చూసేవాళ్లకు గిటార్‌లా కనబడాలని ఒక మామూలు గిటార్‌ను రెండుగా కోసి ఆ దుంగకు రెండు పక్కలా తగిలించాడు. మన ప్లాన్ కూడా ఆ వరసలోనే నడుస్తుంది: దుంగ ముందు, రెక్కలు తర్వాత.

ప్లైవుడ్ మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఇది సెంటర్ లైన్. ఇక మీద పక్కకు కొలిచే ప్రతి కొలతా దీని నుంచే తీయాలి, చెక్క అంచు నుంచి కాదు. పైన ఒకచోట దీనికి అడ్డంగా ఇంకో గీత గీయండి. అది నట్, అంటే నెక్ పైకొసన తీగలు ఆనే తెల్ల పట్టీ ఉండే చోటు. పొడవు కొలతలన్నీ ఈ గీత నుంచే.

ఇప్పుడు స్కేల్ పొడవు తేల్చాలి. నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ కంపించే దూరం ఇది. ఫెండర్ కంపెనీ గిటార్లలో మామూలుగా 25.5 అంగుళాలు, అంటే సుమారు 648 మి.మీ. గిబ్సన్‌వి 24.75 అంగుళాలని చెబుతారు, సుమారు 628.6 మి.మీ. మీ నెక్ ఏ రకమో అట్టపెట్టె మీద రాసింది నమ్మకండి. నట్ లోపలి అంచు నుంచి 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) మధ్యకు కొలవండి. తీగ సగం దగ్గర 12వ ఫ్రెట్ ఉంటుంది కాబట్టి దాన్ని రెట్టింపు చేస్తే స్కేల్ వస్తుంది. 324 వస్తే 648 స్కేల్.

అక్కడితో వదలకుండా మిగతా ఫ్రెట్లు కూడా చూడాలి. లెక్క చాలా తేలిక. స్కేల్‌ను 17.817తో భాగిస్తే నట్ నుంచి మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. ఇలా వెళ్లాలి. ఒక స్థాయిలో పన్నెండు సమాన మెట్లు, పన్నెండో మెట్టుకు పొడవు సరిగ్గా సగం కావాలి. ఈ రెండూ కలిస్తే వచ్చే అంకె అది. పాతకాలం పనివాళ్లు 18తో భాగించేవాళ్లు. మీరూ అలా చేసి చూడండి, 648 స్కేల్‌లో పన్నెండో ఫ్రెట్ 324 దగ్గర కాకుండా 321.6 దగ్గర పడుతుంది. రెండు మిల్లీమీటర్లకు పైగా తేడా!

648కి కొన్ని దూరాలు ఇస్తున్నాను, అన్నీ నట్ నుంచి: 1వ ఫ్రెట్ 36.37, 2వది 70.70, 3వది 103.10, 5వది 162.55, 7వది 215.51, 12వది 324, 22వది 466.16. మిగతావి ఫోన్‌లో క్యాలిక్యులేటర్‌తో మీరే వేసుకోండి. ప్లాన్ మీద గుర్తు పెట్టేటప్పుడు ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కు స్కేలు జరుపుతూ పోకండి. ప్రతిసారీ పావు మిల్లీమీటరు తేడా వచ్చినా చివరికి అది పోగుపడుతుంది. స్కేలును నట్ దగ్గర ఒక్కసారి ఆనించి, కదలకుండా పట్టుకుని అన్నీ గుర్తుపెట్టండి. తర్వాత నెక్‌ను ఆ గుర్తుల పక్కన పెట్టి చూస్తే ఎక్కడ తేడా ఉందో కంటికే తెలుస్తుంది. ఏ ఫ్రెట్ అయినా అర మిల్లీమీటరు పక్కకు ఉంటే ఆ నెక్ వాపసు పంపేయండి. వీణకు ఇరవైనాలుగు మెట్లూ మైనంలో కూర్చుంటాయి, శ్రుతి తప్పితే కరిగించి జరుపుకోవచ్చు. గిటార్ ఫ్రెట్‌కు చెక్కలో గాడి కోశాక ఇక జరపడం లేదు.

నట్ నుంచి 648 దగ్గర అడ్డగీత గీస్తే అది బ్రిడ్జి గీత. కానీ ఆరు తీగలూ సరిగ్గా దాని మీదే ఆనవు. ఫ్రెట్ మీద నొక్కినప్పుడు తీగ కొంచెం సాగి శ్రుతి పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి ప్రతి తీగనూ కాస్త పొడవు చేయాలి, సన్న తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్లు, లావు తీగకు నాలుగైదు. ఆ సర్దుబాటుకే బ్రిడ్జి మీద శాడిల్స్ (తీగలు ఆనే చిన్న ముక్కలు) ముందుకీ వెనక్కీ స్క్రూతో జరుగుతాయి. సన్న తీగ శాడిల్‌ను దాదాపు పూర్తిగా ముందుకు తిప్పండి, అది 648 గీత మీద ఉండేలా బ్రిడ్జిని ప్లాన్ మీద పెట్టి స్క్రూ రంధ్రాలు గుర్తుపెట్టండి. శాడిల్స్ మధ్యలో ఉంచి గుర్తుపెడితే లావు తీగకు వెనక్కి జరిగే చోటు మిగలకపోవచ్చు.

ఇక బయటి తీగలు రెండూ గీయాలి. నట్ దగ్గర వాటి మధ్య దూరం సుమారు 35 మి.మీ., బ్రిడ్జి దగ్గర మీ బ్రిడ్జి ఎంతుంటే అంత. గీశాక చివరి ఫ్రెట్ దగ్గర నెక్ అంచుకీ తీగకీ మధ్య కనీసం 3 మి.మీ. మిగిలిందో లేదో చూడండి. మామూలుగా మిగులుతుంది. బ్రిడ్జిని సెంటర్ లైన్ నుంచి రెండు మిల్లీమీటర్లు పక్కకు బిగిస్తే మాత్రం వాయించేటప్పుడు సన్న తీగ అంచు నుంచి జారిపోతుంది. ముందుగా సెంటర్ లైన్ గీయమన్నది ఇందుకే.

పైనుంచి చూసే బొమ్మ అయింది. ఇప్పుడు పక్కనుంచి చూసే బొమ్మ. దీన్ని గీయకుండానే చెక్క కోసేవాళ్లు ఎక్కువ. అందుకే ఈ పాఠంలో దీనికే ఎక్కువ టైమ్ ఇవ్వమంటాను.

నెక్ అడుగు మందం కొలవండి. ఫెండర్ తరహావి 25 మి.మీ. అటూఇటూ ఉంటాయి. బాడీలో నెక్ కూర్చునే గాడి లోతు మామూలుగా 16. అంటే బాడీ పైన నెక్ 9 మి.మీ. లేచి ఉంటుంది. దాని మీద ఫ్రెట్ ఎత్తు ఒకటి, మొత్తం 10. తీగ 12వ ఫ్రెట్ మీద ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, బ్రిడ్జి వైపు పోయేకొద్దీ ఇంకా లేస్తుంది. మొత్తం కలిపితే బ్రిడ్జి దగ్గర తీగ బాడీకి సుమారు 13 మి.మీ. పైన ఉండాలి. మీ బ్రిడ్జి శాడిల్స్‌ను స్క్రూలతో పైకీ కిందికీ తిప్పి చూడండి. 13 ఆ మధ్యలో పడితే దిగుల్లేదు. పడకపోతే గాడి లోతు ఒక మిల్లీమీటరు మార్చాలి. ఇప్పుడైతే రబ్బరుతో చెరిపేసి మళ్లీ గీస్తే సరి.

గిబ్సన్ తరహా ఎత్తు బ్రిడ్జి కొన్నవాళ్లకు ఈ లెక్క కుదరదు. అందులో తీగ 17, 18 మి.మీ. దాకా లేస్తుంది కాబట్టి నెక్‌ను రెండు మూడు డిగ్రీలు వెనక్కి వాల్చి బిగించాలి. వాలు గాడి కోయడం మొదటి గిటార్‌కు పెట్టుకోవాల్సిన పని కాదు. ఆ బ్రిడ్జిని పక్కన పెట్టి పల్చటిది ఇంకోటి కొనుక్కోండి.

పికప్‌ల చోటు గురించి పెద్దగా తల పట్టుకోనక్కర్లేదు. నెక్ చివర పక్కన ఒకటి, బ్రిడ్జికి దగ్గర్లో ఒకటి. బ్రిడ్జి దగ్గరిది కీచుగా, నెక్ దగ్గరిది గుండ్రంగా మోగుతుంది. అయస్కాంతాలు తీగల కిందికి వచ్చాయో లేదో ప్లాన్ మీద పెట్టి చూసుకుంటే చాలు. మర్చిపోయేవి వైర్ల దారులు. పికప్ గుంటల నుంచి పాట్‌ల గుంటకు, అక్కడి నుంచి జాక్‌కు, ఇంకా బ్రిడ్జి కిందికి ఎర్త్ వైరుకు ఒక రంధ్రం. ఈ ఆఖరిది లేకపోతే ఆంప్‌లో గుయ్ మంటూనే ఉంటుంది. ఇవన్నీ ఎర్ర పెన్సిల్‌తో గీయండి.

ఇప్పుడు ఆకారం. ఇక్కడ మీ ఇష్టం, రెండు షరతులతో. బెల్టు తగిలించే పై కొమ్ము 12వ ఫ్రెట్ వరసకు దగ్గరగా రాకపోతే, మెడలో వేసుకున్నప్పుడు నెక్ కిందికి వాలిపోతుంది. కింద నడుము వంపు లేకపోతే కూర్చుని వాయించేటప్పుడు తొడ మీద నిలవదు. ఫ్రిజ్ అట్టపెట్టె ఒకటి తెచ్చి, ఆకారం కత్తిరించి, బెల్టు కట్టి అద్దం ముందు నిలబడండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

చెక్క వచ్చే పాఠంలో వివరంగా. కానీ కొనడం ఇప్పుడే కొనాలి, ప్లాన్ పూర్తయ్యేలోపు అది ఇంటి గాలికి అలవాటు పడుతుంది. సా మిల్లులో కొత్తగా కోసిన పచ్చి చెక్క వద్దు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తర్వాత రోహిణి కార్తె ఎండలు, మధ్యలో చెక్క ఉబ్బి మళ్లీ ముడుచుకుంటుంది. పాత ఇళ్లు పడగొట్టిన సామాను అమ్మే చోట టేకు ద్వారబంధాలు దొరుకుతాయి. ఏళ్ల తరబడి ఆరిన చెక్క అది. 1963లో బ్రయన్ మే (తర్వాత క్వీన్ బ్యాండ్ గిటారిస్టు) తండ్రితో కలిసి ఇంట్లో గిటార్ చేయడం మొదలుపెట్టినప్పుడు నెక్‌కు వాడింది పాత ఫైర్‌ప్లేస్ మహాగనీ చెక్కే. పాత చెక్కలో విరిగిన మేకులు దాగి ఉంటాయి, కోసే ముందు అయస్కాంతం పెట్టి వెతకండి. తుమ్మ బరువు, మెడ లాగేస్తుంది. జామాయిల్ మెలితిరుగుతుంది. ఎర్రచందనం ముక్క చవగ్గా ఇస్తానని ఎవరైనా చెవిలో చెబితే దండం పెట్టి వచ్చేయండి, చట్టం సంగతి అలా ఉంచినా ఆ బరువు గిటార్‌కు పనికిరాదు.

ఆచారి గారి దగ్గరకు వెళ్లినప్పుడు గిటార్ అని మొదలుపెడితే కథ పెద్దదవుతుంది. “మందం పావు తక్కువ రెండంగుళాలు రావాలి, చిత్రిక పట్టి రెండు వైపులా మట్టం చేసివ్వండి” అంటే చాలు. అది 44.5 మి.మీ., మనకు సరిపోయే మందం. బాడీ వెడల్పు 32 సెంటీమీటర్ల పైచిలుకు కాబట్టి ఒకే పలక దొరకదు, మూడు అతికించాలి. మధ్య పలక 10 సెంటీమీటర్లకు తగ్గకుండా తీసుకోండి. నెక్ గాడి, బ్రిడ్జి రెండూ దాని మీదే పడాలి, అతుకు వాటి కిందికి రాకూడదు. 10 నంబరు తీగల సెట్ (సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట పది వంతులు) 40 కిలోలకు పైగా లాగుతుంది, ఆ లాగుడంతా భరించేది ఆ మధ్య పలకే. అతుకు గీతలు కూడా ప్లాన్ మీద వేసేయండి.

పలక మెలితిరిగిందో లేదో తెలుసుకోవడానికి చీమకుర్తి గ్రానైట్ పాలిష్ ముక్క ఒకటి సంపాదించండి. ఒంగోలు చుట్టుపక్కల షాపుల్లో కోయగా మిగిలినవి పడి ఉంటాయి. దాని మీద పలక పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కండి, ఊగితే తీసుకోకండి. ఈ ముక్కను పారేయొద్దు, తర్వాత గరుకు కాగితం అంటించి చెక్క అరగదీయడానికి కూడా వాడతాం.

వచ్చే పాఠంలోపు చేయాల్సింది: నెక్, బ్రిడ్జి, పికప్‌లను ప్లాన్ మీద వాటి చోట పెట్టి, నట్ నుంచి బ్రిడ్జి దాకా రెండు బయటి తీగల చోట కుట్టుదారం లాగి టేపుతో అంటించండి. దారం సన్న తీగ వైపు అంచుకు ఎంత దూరంలో ఉందో చివరి ఫ్రెట్ దగ్గర కొలిచి, ప్లైవుడ్ మూలలో రాసి తేదీ వేయండి. చెక్క కోసే పాఠంలో మొదట అడిగేది ఆ అంకే.