చిత్తుగా ఓడిన రగ్బీ లీగ్ మ్యాచ్‌లో తప్పెక్కడ జరిగిందో పట్టుకోవడం ఎలా

సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో ఉద్యోగం చేసే మనవాళ్లకి సోమవారం ఆఫీసులో ఈ తిప్పలు తప్పవు. వీకెండ్ మ్యాచ్‌లో ఎవరో ఘోరంగా ఓడతారు, పక్క సీటాయన ఆ టీమ్‌ని తిట్టిపోస్తుంటాడు, మనం తలూపుతుంటాం గానీ అసలేం జరిగిందో అర్థం కాదు. హైలైట్స్ చూసినా లాభం లేదు, అందులో గెలిచినవాళ్ల ట్రైలే (బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకి తాకించడం) ఉంటాయి. పాత మ్యాచ్ ఒకటి పెట్టుకుని నేర్చుకోండి. నన్నడిగితే 2008 ఎన్‌ఆర్‌ఎల్ (ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ పెద్ద పోటీ) గ్రాండ్ ఫైనల్: మ్యాన్లీ 40, మెల్‌బోర్న్ స్టార్మ్ 0. గ్రాండ్ ఫైనల్స్‌లో ఇంత తేడా ఇంకెప్పుడూ లేదు. పైగా ఆ ఏడాది లీగ్ పట్టికలో టాప్ స్టార్మే, ముందు ఏడాది ఫైనల్లో ఇదే మ్యాన్లీని 34-8తో మట్టికరిపించిందీ స్టార్మే.

ముందు హాఫ్ టైమ్ స్కోరు చూడండి. 8-0, అంతే. మిగతా 32 రెండో సగంలో వచ్చాయి, కానీ కారణాలు మాత్రం మొదటి సగంలోనే వెతకాలి. ఎందుకంటే ఈ ఆటలో అటాక్ కంటే డిఫెన్స్ ఎక్కువ ఒళ్లు హూనం చేస్తుంది: ప్రతి టాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) తర్వాత పది మీటర్లు వెనక్కి పరిగెత్తాలి, మళ్లీ ముందుకొచ్చి ఇంకొకణ్ణి పడేయాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఫుట్‌బాల్‌లో గోల్ తిన్నవాళ్లకి బంతి ఇస్తారు కదా, ఇక్కడ అప్పటి రూల్ దానికి పూర్తిగా తలకిందులు. ట్రై ఇచ్చుకున్న టీమే కిక్ కొట్టి బంతిని మళ్లీ ట్రై కొట్టినవాళ్లకే అప్పగించాలి. అలసిపోయినవాళ్లు మళ్లీ డిఫెన్స్‌లోనే నిలబడతారు, అందుకే స్కోరు ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. ఓడిన టీమ్ చేతికి బంతి వచ్చిన ప్రతిసారీ రెండే విషయాలు రాయండి: ఎక్కడ మొదలుపెట్టారు, ఆరు టాకిల్స్ (బంతి చేతిలో ఉన్న టీమ్‌కి దొరికే ఆరు అవకాశాలు) పూర్తయ్యాయా లేక మధ్యలో బంతి జారవిడిచారా. సొంత ట్రై లైన్ దగ్గర మొదటి టాకిల్‌లోనే బంతి వదిలేస్తే పక్కన గట్టిగా గీత గీయండి, అవతలివాళ్లకి ఆరు అవకాశాలు పళ్లెంలో పెట్టిచ్చినట్టే.

తర్వాత ప్లే-ద-బాల్ గమనించండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. కిందపడ్డవాడు లేచి, బంతి నేలమీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించడానికి ఎంతసేపు పట్టిందో మనసులో లెక్కపెట్టుకోండి. వెంటనే అయిపోతుంటే డిఫెన్స్ లైన్ ఇంకా వెనక్కి వెళుతూనే ఉంటుంది, వెనక నిలబడి ఆ బంతిని అందుకునే డమ్మీ హాఫ్‌కి దారి దొరికేస్తుంది.

ఓడిన టీమ్ వింగర్‌ని (మైదానం అంచున ఆడేవాణ్ణి) మాత్రం తిట్టకండి. ఆ రోజు మ్యాన్లీ కొట్టిన 8 ట్రైలలో 3 వింగర్ మైకేల్ రాబర్ట్‌సన్‌వే. మూలలో ట్రై పడితే ఒకటి రెండు పాసులు వెనక్కి తిప్పి చూడండి, సాధారణంగా లోపలివైపు ఎవరో తన మనిషిని వదిలేసి బంతివైపు ఉరికి ఉంటారు.

ఆఖరున, ఎవరు ఆడలేదో చూసుకోండి. స్టార్మ్ కెప్టెన్ కామెరాన్ స్మిత్ సస్పెన్షన్‌తో బయట కూర్చున్నాడు, అందుకే ఓడారని చాలామంది అంటారు. కొంతవరకు నిజమే గానీ, వారం ముందు క్రోనుల్లా అనే ఇంకో టీమ్‌ని 28-0తో ఓడించినప్పుడు కూడా అతను లేడు.