థీసిస్‌తో ఎమ్మెస్ చేయడానికి అమెరికా వస్తున్న మన ఎలక్ట్రికల్ విద్యార్థులకు

మన శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో బీటెక్ ప్రాజెక్టు అంటే నలుగురైదుగురు కలిసి ఒక బ్యాచ్. గైడ్ టాపిక్ ఇస్తారు, ఫైనలియర్ రెండో సెమిస్టర్‌లో ఊపందుకుంటుంది, చివర్లో రికార్డు బైండింగ్, సంతకాలు, వైవా. ఎమ్మెస్ థీసిస్ కూడా ఇలాగే నడుస్తుందనుకుని రెండో ఏడాదికి వదిలేసినవాళ్లే ఎక్కువ అవస్థ పడతారు. ఇక్కడ బ్యాచ్ ఉండదు. టాపిక్ ఎవరో చేతిలో పెట్టరు. అడ్వైజర్ (థీసిస్‌కి గైడ్‌గా ఉండే ప్రొఫెసర్) వేట మొదటి సెమిస్టర్‌లోనే మొదలవ్వాలి.

ముందు లెక్క చూద్దాం. చాలా యూనివర్సిటీల్లో డిగ్రీకి 30 క్రెడిట్లు కావాలి. అందులో 24 కోర్సులకు, 6 థీసిస్‌కి అన్నది మామూలు పంపకం. మీరు చేరిన సంవత్సరపు కేటలాగ్ దించుకుని దాచుకోండి, సాధారణంగా మీకు వర్తించేవి ఆ ఏటి నిబంధనలే. జీపీఏ (4 పాయింట్ల స్కేలు మీద) 3.0కి తగ్గితే చాలాచోట్ల ప్రొబేషన్‌లో పెడతారు. అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో జీతం వచ్చే పని) ఉంటే దానికీ ఎసరే. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో ఫుల్‌టైమ్ చదవాలి. గ్రాడ్యుయేట్ విద్యార్థికి అది సాధారణంగా 9 క్రెడిట్లు. అందులో పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసేది ఒక్క కోర్సుకి, అంటే 3 క్రెడిట్లకి, మించితే లెక్కలోకి రాదు.

ఈఈఈ, ఈసీఈ ఇక్కడ చాలావరకు ఒకే డిపార్ట్‌మెంట్. అందువల్ల పవర్ సిస్టమ్స్ వాళ్లకీ లీనియర్ సిస్టమ్స్, ర్యాండమ్ ప్రాసెసెస్ లాంటి కోర్సులు తగులుతాయి. మన ఈఈఈ పిల్లలు తడబడేది ఎక్కువగా ప్రాబబిలిటీ దగ్గరే. విమానం ఎక్కేలోపు లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఒకసారి తిరగేస్తే మొదటి మిడ్‌టర్మ్ నాటికి ఊపిరి ఆడుతుంది.

కాగితాల సంగతి. కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, ప్రొవిజనల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా), సీలు వేసిన కవర్లలో ట్రాన్‌స్క్రిప్టులు రెండు సెట్లు అదనంగా తెచ్చుకోండి. ఫైనల్ ట్రాన్‌స్క్రిప్టు అందేదాకా చాలా యూనివర్సిటీలు రెండో సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కి తాళం వేస్తాయి. 2022లో విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఏర్పడింది. మీ కాలేజీ కాకినాడ జేఎన్‌టీయూ నుంచి దాని కిందికి మారి, మెమోల మీద ఒక పేరు, పట్టా మీద ఇంకో పేరు ఉంటే, అనుబంధం మారిందని కాలేజీ నుంచి ఒక లెటర్ తీసుకోండి. ఇక్కడికి వచ్చాక ఆ లెటర్ కోసం ఇంట్లోవాళ్లను తిప్పడం చాలా కష్టం.

ఇక అడ్వైజర్. డిపార్ట్‌మెంట్ పేజీలో అందరికీ ఒకే మెయిల్ పంపితే జవాబు రాదు. ముగ్గురు ప్రొఫెసర్లను ఎంచుకోండి. ఒక్కొక్కరివి ఈ మధ్య వచ్చిన పేపర్లు రెండేసి చదవండి. మెయిల్‌లో ఒక పేరా చాలు: ఏ పేపర్ చదివారు, అందులో ఏ భాగం మీరు ముందుకు తీసుకెళ్లగలరు, మీకు వచ్చిన పనిముట్లు ఏవి (మ్యాట్‌ల్యాబ్, పైథాన్, పీసీబీ డిజైన్). "రెస్పెక్టెడ్ సర్" అక్కర్లేదు, "ప్రొఫెసర్" అని ఇంటిపేరుతో రాయండి. కలిసినప్పుడు మూడు విషయాలు సూటిగా అడగండి: నిధులు ఉన్నాయా, వచ్చే రెండేళ్లలో సబాటికల్ (పాఠాలు పక్కనపెట్టి తీసుకునే దీర్ఘ సెలవు) మీద వెళ్తున్నారా, ఎమ్మెస్ విద్యార్థులు మామూలుగా ఎన్ని సెమిస్టర్లలో డిఫెండ్ (మన వైవా లాంటిది) చేస్తున్నారు. అలా అడగడం ఇక్కడ అమర్యాద కాదు. అదే ల్యాబ్‌లోని పీహెచ్‌డీ వాళ్లతో కూడా మాట్లాడండి. వారం వారం మీటింగ్ జరుగుతుందో లేదో వాళ్లే చెప్పగలరు.

అడ్వైజర్ ఒప్పుకున్నాక మామూలుగా ముగ్గురు సభ్యుల కమిటీ వేసుకుని, ప్లాన్ ఆఫ్ స్టడీ (డిగ్రీకి ఏ కోర్సులు చదువుతారో రాసే) ఫారం ఇవ్వాలి. ఆ ఫారంలో లేని కోర్సు చదివితే చివర్లో ఆడిట్‌లో తేలుతుంది. మధ్యలో థీసిస్ మానేసి కోర్సుల దారికి మారితే అప్పటిదాకా కట్టిన థీసిస్ క్రెడిట్లు చాలాచోట్ల డిగ్రీకి పనికిరావు. వాటి బదులు కోర్సులు కొనుక్కోవాల్సి వస్తుంది. మారాలనుకుంటే థీసిస్ క్రెడిట్లకి రిజిస్టర్ కాకముందే మారండి.

పవర్ ఎలక్ట్రానిక్స్ లాంటి హార్డ్‌వేర్ పని పెట్టుకున్నవాళ్లు క్యాలెండర్‌ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. మొదటి పీసీబీ సరిగ్గా రావడం అరుదు, రెండో దానికి డబ్బూ సమయమూ ముందే పక్కన పెట్టండి. ఇన్వర్టర్ లెగ్‌లో పై స్విచ్, కింది స్విచ్ మధ్య డెడ్‌టైమ్ (ఒకటి ఆఫ్ అయ్యాక రెండోది ఆన్ అయ్యేదాకా ఇచ్చే విరామం) చాలకపోతే రెండూ ఒకేసారి ఆన్ అయి డీసీ బస్ షార్ట్ అవుతుంది, ఆ స్విచ్‌లుగా వాడే మాస్ఫెట్లు పోతాయి. ఇంకొకటి, మామూలు ఆసిలోస్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. దాన్ని స్విచ్ నోడ్‌కి (రెండు స్విచ్‌లు కలిసే చోటికి) తగిలిస్తే సర్క్యూట్ ఎర్త్‌కి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అక్కడ డిఫరెన్షియల్ ప్రోబ్ వాడాలి. ఇక్కడ గోడ సాకెట్‌లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇంటి నుంచి తెచ్చిన 230 వోల్టుల సోల్డరింగ్ ఐరన్ సరిగ్గా వేడెక్కదు, తేవద్దు. ప్రతి కొలత రా డేటాని తేదీతో, సెట్టింగులతో సహా దాచండి. కమిటీ ఒక గ్రాఫ్‌ని మళ్లీ గీయమంటే స్క్రీన్‌షాట్ ఎందుకూ పనికిరాదు.

చివరి సెమిస్టర్‌లో తేదీలే రాజ్యం చేస్తాయి. చాలాచోట్ల డ్రాఫ్టు కమిటీకి డిఫెన్స్‌కి రెండు వారాల ముందు చేరాలి. థీసిస్ డిపాజిట్ (తుది ప్రతిని యూనివర్సిటీకి అప్పగించే) గడువు సెమిస్టర్ ముగియడానికి చాలా ముందే వస్తుంది, డిఫెన్స్ తర్వాత దిద్దుబాట్లకీ సమయం వదలండి. మార్జిన్లు, పేజీ నంబర్లు తప్పితే గ్రాడ్యుయేట్ స్కూల్ వెనక్కి పంపుతుంది కాబట్టి యూనివర్సిటీ టెంప్లేట్‌లోనే మొదటి చాప్టర్ నుంచి రాయండి. ఇతరుల పేపర్లలోని బొమ్మలకి ప్రచురణకర్త అనుమతి తీసుకోవాలి. మీ సొంత ఐఈఈఈ పేపర్ భాగాలైతే కాపీరైట్ లైన్ రాసి వాడుకోవచ్చు.

9 క్రెడిట్లు అవసరం లేని ఆఖరి సెమిస్టర్‌లో తక్కువ తీసుకోవచ్చు, కానీ ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి ముందే ఉండాలి. థీసిస్ ఆలస్యమయ్యేలా ఉంటే ఐ-20 (ఎఫ్-1 విద్యార్థికి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీది ముగింపు తేదీ దాటకముందే పొడిగింపు అడగండి, దాటాక చేసేది దాదాపు ఏమీ ఉండదు. డిగ్రీ అయ్యాక పనిచేయడానికి ఇచ్చే అనుమతి ఓపీటీ. దానికి ఐ-20 మీది ముగింపు తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత దాకా దరఖాస్తు పెట్టవచ్చు. ఇంటర్నేషనల్ ఆఫీసు సిఫారసు చేసిన 30 రోజుల్లోపు ఆ దరఖాస్తు చేరాలి. ఓపీటీ 12 నెలలు, అర్హత ఉన్న ఎలక్ట్రికల్ డిగ్రీకి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) పొడిగింపు మరో 24 నెలలు.

పైడితల్లి సిరిమానోత్సవం సరిగ్గా మిడ్‌టర్మ్‌ల రోజుల్లో పడుతుంది, ఆశ పెట్టుకోకండి. శీతాకాలం సెలవులకి ఇంటికి వెళ్తే సంక్రాంతి దాకా ఉండగలరో లేదో టికెట్ కొనే ముందు స్ప్రింగ్ క్యాలెండర్‌లో చూసుకోండి. ఐ-20 మీద ట్రావెల్ సంతకం ఏడాదిలోపుదై ఉండాలి.