పోర్టోలో పోర్ట్ రుచి చూడాలంటే: నెల్లూరు, ఒంగోలు నుంచి వెళ్లేవాళ్లకు

పోర్టు అంటే మనకు కృష్ణపట్నం. పోర్ట్ అనే తియ్యటి వైన్‌కి ఆ పేరు రావడానికీ కారణం రేవే. పోర్చుగల్‌లోని పోర్టో నుంచి ఓడలెక్కి ఊళ్లు తిరిగింది కాబట్టి పోర్ట్ అయింది. గోవా నుంచి వచ్చేటప్పుడు మనవాళ్లు సంచిలో వేసుకొచ్చే తియ్యటి ‘పోర్ట్ వైన్’కీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. అసలుది డోరో నది లోయలో, 1756లో మొదటిసారి హద్దులు గీసిన ప్రాంతంలో పండిన ద్రాక్షతోనే చేయాలి.

చేసే పద్ధతి ముందే తెలుసుకుని వెళ్తే అక్కడ గైడ్ చెప్పేది సగం అర్థమైపోయినట్టే. ద్రాక్ష తొక్కి పులియబెడతారు. రెండు మూడు రోజులకు, తీపి ఇంకా సగం మిగిలుండగానే, 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్షసారా పోస్తారు. లెక్క సుమారుగా 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా. ఆ దెబ్బకు పులియబెట్టే ఈస్ట్ చచ్చిపోతుంది, మిగిలిన తీపి అలాగే నిలిచిపోతుంది. ఘాటు 19 నుంచి 22 శాతం మధ్య తేలుతుంది. మామూలు వైన్‌లో ఇది 12, 13 దగ్గరే ఉంటుంది.

డోరో లోయలో వేసవి మన రోహిణికార్తెకు తీసిపోదు. ఆ వేడికి పీపాల్లో సరుకు ఉడికిపోతుందని, చలికాలం గడిచాక నదిలో పడవలమీద సముద్రం వైపు దించేవాళ్లు. పోర్టోకి ఎదురొడ్డున ఉన్న విలా నోవా ద గయా ఊళ్లో గాలి చల్లన, తేమ ఎక్కువ. పీపాలు ఎక్కువగా అక్కడే నిలవుంటాయి. ఆ గోదాములను లాడ్జిలంటారు. మన రైల్వేస్టేషన్ ఎదురుగా ఉండే లాడ్జిలనుకునేరు, ఇక్కడ పడుకునేవి పీపాలు.

చెన్నై నుంచి వెళ్లేటప్పుడు దారిలో విమానం మారాలి. పోర్టో విమానాశ్రయంలో ‘ఇ’ లైను మెట్రో ఎక్కి, ట్రిండాడ్‌లో ‘డి’ లైనుకు మారి, జార్డిమ్ దు మొర్రులో దిగండి. రైలు 1886 నాటి డోమ్ లూయిష్ వంతెన పై అంతస్తు మీదుగానే పోతుంది. దిగితే గయాలోనే ఉంటారు. కింద నది ఒడ్డున శాండెమన్, ఫెరెయిరా, రామోస్ పింటో లాంటి కంపెనీల లాడ్జిలు వరసగా కనిపిస్తాయి. గ్రాహమ్స్, టేలర్స్ గుట్టమీద ఉంటాయి. పైనున్నది ముందు చూసుకుని తర్వాత ఒడ్డుకు దిగండి. రెండు గ్లాసులు పడ్డాక రాళ్లు పరిచిన ఎగువదారి ఎక్కడం ఏమంత సరదాగా ఉండదు. పిల్లలుంటే శాండెమన్ మేలు, గైడ్లు నల్ల దుప్పటీ టోపీ వేసుకొచ్చి చూపిస్తారు కాబట్టి విసుగుపుట్టదు. 18 నిండనివాళ్లకు మాత్రం వైన్ పోయరు. ఇంగ్లీషు యాసతో ఇబ్బందిపడే పెద్దవాళ్లను టేలర్స్‌కు తీసుకెళ్లండి. చెవికి పెట్టుకునే ఆడియో గైడ్ ఉంటుంది, అర్థంకాని చోట ఆపుకుని మళ్లీ వినొచ్చు. పీపాలు బాగుచేసే వడ్రంగం చూడాలనుంటే కాక్‌బర్న్స్. ఎక్కడికైనా టైము ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. వేసవిలోనూ, సెప్టెంబరు కోతల రోజుల్లోనూ నేరుగా వెళ్తే వెనక్కి తిరగాల్సి రావచ్చు.

మనవాళ్లు ఎక్కువమంది బోల్తాపడేది మోతాదు దగ్గర. తియ్యగా ఉంది కదా అని గుటకేస్తారు. లెక్క వేసుకోండి: 60 ఎంఎల్ పోర్ట్‌లో 20 శాతం చొప్పున 12 ఎంఎల్ ఆల్కహాల్. మన 42.8 శాతం విస్కీ చిన్న పెగ్గు, అంటే 30 ఎంఎల్‌లో ఉండేది దాదాపు 12.8. అంటే గ్లాసుకో పెగ్గు. ఒక లాడ్జిలో మూడు గ్లాసులు పోశారంటే మూడు పెగ్గులు, రెండో లాడ్జికి వెళ్తే ఆరు. రోజుకు రెండు లాడ్జిలు చాలు, మధ్యలో భోజనం, రెండు గంటల విరామం. ఉమ్మడానికి గిన్నె అడగండి. ఎబ్బెట్టుగా ఉంటుందనుకోవద్దు, రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లూ ఉమ్మేస్తారు. తీపి కూడా తక్కువేం కాదు, లీటరుకు సుమారు 100 గ్రాములు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ముందే డాక్టరును అడిగి వెళ్లాలి. ఖాళీ కడుపుతో మాత్రం ముట్టొద్దు.

వెళ్లేరోజు పొద్దున కారం తగ్గించండి. ఆవకాయ తిన్న నోటికి 20 శాతం ఘాటు తగిలితే మంట తప్ప ఇంకేమీ తెలియదు. వక్కపొడి, అత్తరు, మల్లెపూలు కూడా వద్దు. పక్కవాళ్ల ముక్కునీ చెడగొడతాయి.

అక్కడ పోర్ట్ రకాలు డజను చెప్తారు. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. చెక్కలో ముదిరిందా, సీసాలో ముదిరిందా? అది పట్టుకుంటే మిగతావన్నీ దాని కొమ్మలే. రూబీని పెద్ద తొట్లలో కొద్దికాలమే ఉంచుతారు, గాలి అంతగా తగలదు, ఎరుపు పోదు. టానీని 550 లీటర్ల పీపాల్లో ఏళ్లతరబడి ఉంచుతారు. చెక్క సందుల్లోంచి గాలి సోకుతుంది, ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, ఎరుపు కాస్తా ఇటుకరంగుకీ తర్వాత తేనెరంగుకీ తిరుగుతుంది. విన్టేజ్, అంటే ఒకే మంచి ఏటి పంటతో చేసినది, అయితే రెండు మూడేళ్లకే సీసాలోకి దిగి, మిగతా వయసంతా అందులోనే పోసుకుంటుంది. సీసా అడుగున మడ్డి దిగుతుంది కాబట్టి దాన్ని వేరే పాత్రలోకి తేటగా వంచుకుని తాగుతారు. ఎల్‌బీవీ (లేట్ బాటిల్డ్ విన్టేజ్, ఆలస్యంగా సీసాకెక్కే విన్టేజ్) నాలుగు నుంచి ఆరేళ్లు చెక్కలో ఉండి సీసాకెక్కుతుంది, ధరకు తగ్గ సరుకు అదే.

అందుకే ఒకే తరహావి మూడు కాకుండా ఒక ఎల్‌బీవీ, ఒక పదేళ్ల టానీ, ఒక ఇరవయ్యేళ్ల టానీ పక్కపక్కన పెట్టించుకోండి. తెల్ల పోర్ట్ కూడా ఉంటే దానితో మొదలుపెట్టి, ఎల్‌బీవీ, తర్వాత టానీలు చిన్నదాన్నుంచి పెద్దదానికి వెళ్లండి. తిరగేస్తే పెద్దదాని తర్వాత చిన్నది చప్పగా అనిపిస్తుంది. గ్లాసును తెల్ల కాగితం మీద వంచి అంచు రంగు చూడండి. ముక్కు లోపలికి దూర్చకండి, ఘాటు కొట్టి వాసన చచ్చిపోతుంది, అంచుకు కాస్త ఎడంగా పెట్టి పీల్చాలి. ఎల్‌బీవీలో నేరేడుపండు, మిరియం తగులుతాయి. టానీలో వేయించిన జీడిపప్పు, ఖర్జూరం, ముదురు బెల్లంపాకం. కొత్తబియ్యానికీ పాతబియ్యానికీ తేడా వాసనతో చెప్పే ఊరివాళ్లం, ఇది రెండో గ్లాసుకే దొరుకుతుంది. టానీ మరీ వెచ్చగా ఇస్తే ఘాటే ముందుకొస్తుంది, 12 నుంచి 14 డిగ్రీల దగ్గర బాగుంటుంది. నంజుకోవడానికి బాదం అడగండి.

కొనేటప్పుడు సీసా మెడమీద ఐవీడీపీ (డోరో, పోర్ట్ వైన్లను నియంత్రించే పోర్చుగల్ సంస్థ) సీలు ఉందో లేదో చూడండి. సీసామీది ‘20 ఏళ్లు’ అంటే సరిగ్గా ఇరవయ్యేళ్లని కాదు, పాతవీ కొత్తవీ కలిపి ఆ వయసు గుణం తెచ్చారని. ఒకే ఏటి పంటతో చేసిన టానీని కొల్యేటా అంటారు. దానిమీదున్న సంవత్సరం చూసి విన్టేజ్ అనుకుని కొనేసేవాళ్లు చాలామంది. వెనక లేబుల్‌మీద సీసాలో నింపిన ఏడు కూడా చూసుకోండి. టానీ సీసాలో బాగుపడదు, నింపి ఎంత తక్కువకాలమైతే అంత తాజా.

తిరుగుప్రయాణంలో మనిషికి 2 లీటర్లవరకు సుంకం లేదు. అంటే 750 ఎంఎల్ సీసాలు రెండు, ఇంకా చోటుంటే 375 సీసా ఒకటి. చీరల మధ్య చుట్టి చెకిన్ పెట్టెలో పెట్టండి. చేతిసంచిలో 100 ఎంఎల్ దాటితే సెక్యూరిటీ దగ్గరే తీసేస్తారు.

ఇంటికి విన్టేజ్ తేవడం దండగ. మే నెల ఎండకు బీరువాలో పెట్టిన సీసా ఉడికిపోతుంది, పైగా తెరిస్తే రెండు మూడు రోజుల్లో అయిపోగొట్టాలి. టానీ తెచ్చుకోండి. పైన ప్లాస్టిక్ తల ఉన్న బిరడా కనిపిస్తే నిలబెట్టి ఉంచాలి, పడుకోబెడితే కారుతుంది. తెరిచాక ఫ్రిజ్ తలుపులో పెడితే పదేళ్ల టానీ నెలా రెండు నెలలు నిలుస్తుంది. గ్లాసులో పోసి పది నిమిషాలు బయట ఉంచి తాగండి.