చక్కెర వేయకుండా తియ్యగా ఉండే పండ్ల టీ

రాత్రి భోజనం అయ్యాక మా ఆయనకు టీ పడాల్సిందే. తాగితే ఒంటిగంట దాకా నిద్ర రాదు. "పోనీ గ్రీన్ టీ ఇవ్వు, అందులో ఏమీ ఉండదుగా" అంటారు. ఉంటుంది. గ్రీన్ టీ కూడా అదే తేయాకు మొక్క నుంచి వచ్చేదే కాబట్టి కెఫీన్ తప్పదు. అందుకని రాత్రిపూట అసలు తేయాకే లేని టీ కాస్తున్నాను. చక్కెర, తేనె, బెల్లం ఏవీ వేయను.

ఒక సీసాకు నేను కలిపే లెక్క ఇది: ఎండు యాపిల్ ముక్కలు 50 గ్రాములు, అతిమధురం 15, సోంపు 15, ఎండు పుంటికూర పూలు 10, దాల్చినచెక్క 5, ఎండిన కమలా తొక్క 5.

తీపికి అసలు ఆధారం అతిమధురం. బేగంబజారులో, మూలికల కొట్లలో పుల్లలుగా దొరుకుతుంది. పొడి కొనకండి, టీ బురదలా అవుతుంది. పుల్ల విరిస్తే లోపల పసుపు పచ్చగా, పీచుగా ఉండాలి. రోట్లో కచ్చాపచ్చాగా దంచితే చాలు. దీని తీపి చక్కెరలా నాలుక మీద పడగానే తెలియదు. గుటక వేశాక మెల్లగా వస్తుంది, కాసేపు పోదు కూడా. "తీపి చాల్లేదు" అని ఇంకో పుల్ల వేశారంటే మందు తాగినట్టే ఉంటుంది.

పుంటికూర పూలంటే, ఆంధ్రా వైపు ఎర్ర గోంగూర అనే మొక్క కాయల మీద ఉండే ఎర్రటి, కండగల రేకులు. లోపలి గింజకాయ తీసేసి నీడలో ఎండబెట్టాలి. కొట్లలో హైబిస్కస్ టీ అని అమ్మేది ఇదే, పెరట్లో పూసే మందారం కాదు. రంగు అద్భుతంగా వస్తుంది కానీ మంచి పులుపు. రంగు మీద మోజుతో ఎక్కువ వేస్తే తీపంతా కొట్టుకుపోతుంది, 10 గ్రాములు దాటకండి.

యాపిల్ ఇంట్లో ఎండబెట్టుకోవడమే మేలు. బయట కొనేవాటికి చాలాసార్లు చక్కెర పాకం పట్టి ఉంటారు. తొక్కతోనే పలచటి చక్రాలుగా కోసి, నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి తీస్తే నల్లబడవు. మంచి ఎండలో పలచటి గుడ్డ కప్పి ఆరబెట్టాలి, సాయంత్రం లోపల పెట్టేయాలి. వేడి మీద ముక్క మెత్తగానే ఉంటుంది, చల్లారాక విరిచి చూడండి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే. యాపిల్‌లో ఎక్కువ భాగం నీరే, కిలో పళ్లు ఎండితే మిగిలేది గుప్పెళ్ల లెక్కే. కమలా తొక్కకు లోపలి తెల్లటి పొర చాకుతో గీకేయండి, చేదంతా అక్కడే.

కిస్‌మిస్ కూడా వేస్తాను కానీ సీసాలో కలపను. దాని తడి మిగతావాటికి పట్టి బూజు వస్తుంది. కాచేటప్పుడు ఏడెనిమిది వేస్తే సరి.

కాచడంలో ఒక్క సంగతి గుర్తుంటే చాలు. గట్టివి మరగాలి, ఆకులు మరగకూడదు. రెండు కప్పుల టీకి రెండున్నర కప్పుల నీళ్లు పెట్టి, రెండు పెద్ద చెంచాల మిశ్రమం, కిస్‌మిస్ వేసి సన్న సెగ మీద ఎనిమిది నిమిషాలు మరగనివ్వండి. ఊరికే వేడినీళ్లు పోసి ఉంచితే అతిమధురం అంత బాగా దిగదు. స్టవ్ ఆపాక నాలుగు తులసి ఆకులో, రెండు పుదీనా రెబ్బలో వేసి మూత పెట్టండి. మూత లేకపోతే వాసనంతా వంటింటి పాలు. ఐదు నిమిషాల తర్వాత వడకట్టడమే. పాలు మాత్రం పోయకండి, పుంటి పూల పులుపుకి విరిగిపోతాయి. అడుగున మిగిలిన యాపిల్ ముక్కలు మా మనవరాలి వాటా, వాటి కోసమే వంటింట్లోకి వస్తుంది.

ఇది అందరికీ కాదు. అతిమధురం రక్తపోటు పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. గర్భిణులు డాక్టరును అడగకుండా ఈ టీ తాగొద్దు. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు, ఒంట్లో నీరు తగ్గే మాత్రలు వాడేవాళ్లు అతిమధురం లేకుండా కాచుకోవాలి. అప్పుడు సోంపు రెట్టింపు చేసి యాపిల్ ఇంకాస్త పెంచండి, తీపి కొంచెం తగ్గినా బాగానే ఉంటుంది. ఏ సమస్యా లేనివాళ్లకైనా రోజుకో కప్పు చాలు, నెలల తరబడి వదలకుండా తాగొద్దు. షుగర్ ఉన్నవాళ్లు కిస్‌మిస్ మానేయండి. చక్కెర వేయలేదు కదా అనుకోవద్దు, పండులో ఉండేదీ చక్కెరే.

సీసా గాజుదే వాడండి, పొడి చెంచానే పెట్టండి. వానాకాలంలో యాపిల్ ముక్క మెత్తబడితే, బూజు కనిపించనంతవరకు, మొత్తం ఒక పళ్లెంలో పోసి ఎండలో పెట్టి మళ్లీ సీసాకెత్తొచ్చు. ఎండాకాలంలోనైతే ఇదే టీ కాస్త చిక్కగా కాచి, ఫ్రిజ్‌లో చల్లార్చి, నిమ్మచెక్క పిండి ఇస్తే పిల్లలు కూల్‌డ్రింక్ అడగరు.