హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ షేరు కొనే ముందు ఈ లెక్క వేయండి

ఫ్యూయల్ సెల్ అంటే హైడ్రోజన్ లాంటి ఇంధనం నుంచి నేరుగా కరెంటు పుట్టించే యంత్రం. అమెరికా షేర్లు కొనే మనవాళ్లు చాలామంది హైడ్రోజన్ అనగానే టెక్నాలజీ గురించి చదవడం మొదలుపెడతారు. దయచేసి ముందు షేర్ల సంఖ్య చూడండి.

అమెరికా ఫ్యూయల్ సెల్ కంపెనీ ప్లగ్ పవర్‌నే తీసుకోండి. 1999లో లిస్ట్ అయింది. అమెజాన్, వాల్‌మార్ట్ గోదాముల్లో ఫోర్క్‌లిఫ్టులు దాని సెల్స్‌తో నిజంగానే నడుస్తున్నాయి, అంటే కాగితాల మీది కంపెనీ కాదు. 2021 జనవరిలో షేరు 70 డాలర్లు దాటింది. అయినా 2023లో 89 కోట్ల డాలర్ల అమ్మకాలకు 130 కోట్ల పైన నష్టం వచ్చింది, కంపెనీ ముందుకు నడుస్తుందా అనే సందేహం ఉందని ఆ నవంబరులో తనే ప్రకటించాల్సి వచ్చింది. ఇలాంటి లోటును ఎక్కువగా కొత్త షేర్లు అమ్మి పూడుస్తారు. 2025లో ఆ షేరు డాలరు కిందికి కూడా పడింది.

కాబట్టి అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వాళ్ల ఎడ్గార్ సైట్ తెరిచి, కంపెనీ పేరు కొట్టి, టెన్-కె అనే వార్షిక నివేదికల్లో మూడు అంకెలు రాసుకోండి: చేతిలో ఉన్న నగదు, వ్యాపారం నడపడానికి ఏడాదిలో కరిగిన నగదు, ఐదేళ్లుగా పెరిగిన షేర్ల సంఖ్య. రిస్ట్రిక్టెడ్ క్యాష్ అని విడిగా చూపించింది కలపొద్దు, అది వాళ్లు వెంటనే వాడుకోగల డబ్బు కాదు. నగదు 40 కోట్ల డాలర్లుండి మూడు నెలలకు 10 కోట్లు పోతుంటే ఏడాదికి మించి రాదు, ఆలోపే కొత్త షేర్లు వస్తాయి, మీ వాటా పలచబడుతుంది. ఫ్యూయల్‌సెల్ ఎనర్జీ అనే కంపెనీ 2024 నవంబరులో 30 షేర్లను ఒకటిగా కలిపింది. అలా కలిపినప్పుడు పాత ధరలను కూడా అన్ని రెట్లు పెంచి చూపిస్తారు కాబట్టి అలాంటి కంపెనీ పాత చార్టులో ధర ఎక్కడో ఆకాశంలో కనిపిస్తుంది, మళ్లీ అక్కడికి వెళ్తుందని ఆశపడకండి.

తర్వాత గ్రాస్ మార్జిన్, అంటే అమ్మకాల డబ్బులోంచి ఆ సరుకు తయారీ ఖర్చు తీసేస్తే మిగిలేది. అది మైనస్‌లో ఉంటే కొత్త ఆర్డర్ వచ్చిందన్న వార్తకు సంతోషించాల్సిన పని లేదు, ఎంత అమ్మితే అంత నష్టం.

ఇక ఫ్యూయల్ సెల్ చేసే పని బ్యాటరీ చేయగలదా అని అడగండి. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి, ఫ్యూయల్ సెల్ తిరిగి ఇచ్చేది 16 నుంచి 20 యూనిట్లే. కార్లలో ఈ లెక్క కుదరలేదు, కాలిఫోర్నియాలో షెల్ తన కార్ల హైడ్రోజన్ బంకులను 2024లో మూసేసింది. మూడు షిఫ్టులు నడిచే గోదాములో మాత్రం నిమిషాల్లో ఇంధనం నింపుకోవడం నిజమైన సౌకర్యం.

ఫ్యూయల్ సెల్ కంపెనీ అన్న పేరు చూసి మోసపోకండి. కె.ఆర్. శ్రీధర్ స్థాపించిన బ్లూమ్ ఎనర్జీ యంత్రాలు ఎక్కువగా సహజవాయువు మీద నడుస్తాయి, గ్రిడ్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఆగలేని డేటా సెంటర్లు వాటిని కొంటున్నాయి. అది కొంటే మీరు పందెం కాసేది డేటా సెంటర్ల మీద, హైడ్రోజన్ మీద కాదు. అలాగే అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అది హైడ్రోజన్, దాని ఉత్పత్తులు తయారుచేసి ఎక్కువగా ఎగుమతి చేయడానికి. ఆ వార్త చూసి ఫ్యూయల్ సెల్ షేరు కొనడంలో అర్థం లేదు.

సబ్సిడీ తీసేసి కూడా లెక్క చూడండి. అమెరికాలో కిలో హైడ్రోజన్‌కు 3 డాలర్ల దాకా ఇచ్చే పన్ను రాయితీ, 2025 జులై చట్టం ప్రకారం, 2027 చివరిలోగా నిర్మాణం మొదలుపెట్టిన ప్లాంట్లకే.

ఒకసారి కొన్నాక కూడా ప్రతి మూడు నెలలకు టెన్-క్యూ అనే త్రైమాసిక నివేదిక (ఏడాది చివర అయితే టెన్-కె) వచ్చిన రోజే నగదు లెక్క మళ్లీ వేయండి. నాలుగు క్వార్టర్లకు సరిపడా లేకపోతే, ధర ఎంత చవగ్గా కనిపించినా నేను ఇంకొక్క షేరు కూడా కొనను.