సహజ రంగుల పట్టుతో స్క్రంచీలు (జుట్టుకి పెట్టుకునే గుడ్డ బ్యాండ్లు) కుట్టే ముందు జాగ్రత్తలు

కత్తెర పట్టకముందే రంగు పరీక్ష చేయండి. తెల్లటి నూలు గుడ్డను తడిపి పట్టు మీద గట్టిగా రుద్దండి. నీలిమందు రంగు అంటుకుంటోందా? రంగు దిగడం ఆగేదాకా చల్లటి నీళ్లలో జాడించాల్సిందే. లేకపోతే చెమటకి తడిసి దిండు గలీబుకి కూడా అంటుతుంది.

పసుపుతో అద్దిన ముక్కైతే మరీ జాగ్రత్త. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, ఎండకి త్వరగా వెలిసిపోతుంది. ఎవరికైనా ఇవ్వడానికి కుట్టేటప్పుడు నేను పసుపు బదులు దానిమ్మ తొక్క రంగే ఎంచుకుంటాను.

- నీడలో పూర్తిగా ఆరాకే కొలవండి.
- ఇస్త్రీ తక్కువ వేడి మీద, లోపలి వైపు నుంచి. నీళ్లు చిలకరిస్తే మరకలు పడతాయి.
- కొత్త సూది, 9 లేదా 11 నంబరు. మొద్దు సూది పోగుల్ని లాగేస్తుంది. గుండుసూదులు కుట్టుకి వదిలిన అంచులోనే గుచ్చండి, పట్టు మీద ఆ రంధ్రాలు అలాగే ఉండిపోతాయి.
- ముక్క 22 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు. ఎలాస్టిక్ 8 అంగుళాలు. ముందు పాత గుడ్డతో ఒకటి కుట్టి, జుట్టుకి పెట్టి చూసుకోండి.
- ఎలాస్టిక్ ఎక్కించేటప్పుడు రెండో కొసను పిన్నీసుతో గుడ్డకి బిగించండి, లోపలికి జారిపోకుండా.